గోల్ఫ్ చానెల్‌లో ఒక అరుపు

"పడిందీ... ఒక్క దెబ్బకి గుంటలో పడిందీ!"

గోల్ఫ్ చానెల్ వ్యాఖ్యాత కుర్చీ ఎక్కి అరిచిన అరుపు ప్రత్యక్ష ప్రసారంలో ఊరంతటికీ వినిపించింది. మరుక్షణం చానెల్ యజమాని తలుపు తోసుకుని వచ్చాడు. ఆయన వ్యాఖ్యాతకు స్వయానా అక్క మొగుడు.

"నీ నోరు పడిపోనూ! అరవమని ఎవర్రా చెప్పింది నీకు?"

"ఎక్కడో చెట్ల అవతల నుంచి కొట్టాడు బావా! బంతి తిన్నగా వెళ్లి గుంటలో పడింది!"

"పడితే పడనీ! నీకు జీతమిచ్చేది గుసగుసలాడటానికిరా!"

నిజమే. ఆ చానెల్‌లో ఆట ఎవరూ చూడరు. మొదట్లో చానెల్ వాళ్లంతా ఈగలు తోలుకున్నారు. తర్వాత ఎవరో ఇల్లాలు, ఏడుపు ఆపని తన చంటిపిల్ల ఈ వ్యాఖ్యాత గుసగుసలకు ఇట్టే నిద్రపోయిందని పక్కింటావిడకు చెప్పింది. అంతే, మధ్యాహ్నమైతే ఇంటింటా గోల్ఫే. ప్రకటనల కోసం పరుపుల కంపెనీలు బారులు తీరాయి.

ఇప్పుడు ఫోన్లన్నీ ఒక్కసారే మోగాయి. వాటి దగ్గర కూర్చునే అక్క రెండు చెవులకూ రెండు ఫోన్లు పెట్టుకుంది.

"కవల పిల్లలట, ఇద్దరూ లేచి రాగం అందుకున్నారట. చానెల్ చందా తీసేయమంటున్నారు. ఈవిడ అత్తగారు లేచారట, ఈవిడా తీసేయమంటోంది. అయ్యో, పరుపుల కంపెనీ ఆయన! ఆయనా లేచారట!"

"కొంప ముంచావు కదరా! మళ్లీ గుసగుసగా మొదలెట్టు."

వ్యాఖ్యాత మైకు అందుకున్నాడు. "ఆటగాడు... మెల్లగా..." అంటూనే పకపకా నవ్వేశాడు. "నా వల్ల కాదు బావా! ఆయన గడ్డిలో పొర్లుతున్నాడు చూడు!"

బావ తెరకేసి చూశాడు. సొంత చానెల్‌ను చూడటం ఆయనకదే మొదటిసారి. ఆ దెబ్బను మళ్లీ చూపిస్తున్నారు. బంతి గాల్లో తేలి, పచ్చగడ్డి మీద ఒక్క గంతు వేసి, గుంటలోకి జారిపోయింది.

"ఓరి నాయనో! పడిందిరా!" ఆయనా అరిచాడు, సరిగ్గా మైకు ముందే. బావా బావమరిదీ చేతులు పట్టుకుని గిర్రున తిరిగారు.

సాయంత్రానికి చందాదారు ఒక్కడు కూడా మిగల్లేదు. అప్పుడు మరో ఫోను మోగింది. వింటుంటే అక్క మొహం వెలిగిపోయింది.

"ఆస్పత్రి నుంచి నర్సమ్మ! నెలల తరబడి స్పృహ లేని పేషంటు మన అరుపులకి కళ్లు తెరిచాడట! మాట్లాడాడట కూడా!"

బావ ఎగిరి గంతేశాడు. "చూశావుట్రా, మన చానెల్ ప్రాణం పోసింది! రేపట్నుంచి రోజంతా అరుపులే! ఇంతకీ ఏమన్నాడట?"

అక్క ఫోను మెల్లగా పెట్టేసింది.

"చానెల్ మార్చమన్నాడట."