చప్పుడెక్కువ పాప్‌కార్న్ మిషన్

“ఆపవయ్యా, చెవులు పోతున్నాయి!” షాపు అదిరేలా అరిచాడు భర్త.

సేల్స్‌మన్ స్విచ్ నొక్కాడు. వేడిగాలితో మొక్కజొన్న గింజలు పేల్చే మిషన్ ఆగింది.

“చవకది కదా సార్, మిక్సీలా మోగుతుంది. దానంతటదే ఆగదు కూడా, పేలేదాకా ఒకరు పక్కనే నిలబడాలి. ఇంకాస్త డబ్బు పెడితే ఆ తెల్లది వస్తుంది, అది చప్పుడు చెయ్యదు.”

“తెల్లదే ఇవ్వు.”

“ఇదే ఇవ్వు,” అంది భార్య.

“నీకేమైనా పిచ్చా? ఈ మోతలో నా మాట వినపడుతుందా?”

“ఒక్క ముక్క వినపడలేదండీ. ప్రాణం హాయిగా ఉంది.”

సేల్స్‌మన్ నవ్వాపుకుంటూ అటు తిరిగాడు.

“సినిమా మొదలైందో లేదో హంతకుడెవరో చెప్పేస్తారు. మొన్నా అంతే, ‘డాక్టరే చంపాడు’ అన్నారు,” అంది భార్య.

“డాక్టరే కదా చంపింది!”

“అదే నా ఏడుపు. ఇకనుంచి సినిమా అయ్యేదాకా మీరు వంటింట్లో దీని పక్కన నిలబడండి.”

భర్తకు ఏదో తట్టింది. “అందుకేనా ఆదివారాలు మీ అక్క వాళ్ళింటికి పోయి సినిమాలు చూస్తున్నావు? వాళ్ళ టీవీ పెద్దదేమో అనుకున్నాను.”

“మనదే పెద్దదండీ.”

అతన్ని చూసి సేల్స్‌మన్‌కే జాలేసింది.

“సార్, కథ చెప్పనని మాటిచ్చేయండి. మేడమ్ తెల్లదానికి ఒప్పుకుంటారు.”

“నా నోటి మీద నాకే నమ్మకం లేదయ్యా,” అంటూ భర్త పర్సు తీశాడు. “మోగేదే కట్టు. ఈ ఆదివారమైనా ఈవిడ ఇంట్లో ఉండాలి.”