మోకాలి కింద బంతి

"మూడో స్ట్రైకుని కూడా దారినపోయే బస్సుని చూసినట్టు చూసి వదిలేశాడమ్మా!"

మంగలి ఎవెలియో పార్కు మధ్యలో నిలబడి అరుస్తున్నాడు. మెడ మీద నరాలు ఉబ్బాయి. కొత్తవాళ్లు చూస్తే కొట్లాట మొదలైందనుకుంటారు.

సాన్ ఎలియాస్‌లో అది మామూలే. శనివారం పొద్దున బేస్‌బాల్ పిచ్చివాళ్లంతా పార్కులో చేరి గొంతులు చించుకోవలసిందే. జట్టు మేనేజరు కూడా కాఫీకి అక్కడికే వస్తాడు. తాగినంతసేపూ వీళ్ల తిట్లు వింటాడు. వినకపోతే ఆ ఊళ్లో అతనికి క్షవరం కూడా జరగదు.

ఆ రోజు తేలవలసింది ఒక్కటే. కొట్టదగ్గ బంతుల్ని వదిలేసి, మూడేసి స్ట్రైకులతో అవుటైపోతున్న బ్యాటర్ యూస్నియెల్‌ని జట్టులో ఉంచాలా, ఇంటికి పంపాలా?

పంపితే అతని ఆట ముగిసినట్టే. ముప్పై దాటినవాణ్ని మళ్లీ ఎవరూ పిలవరు.

"రెండొందల ఎనిమిది!" అంది నియెవెస్ టీచరమ్మ. లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఆటగాళ్ల సగటులన్నీ ఆవిడ నాలుక మీదే ఉంటాయి. "వెయ్యిసార్లు బ్యాటు పట్టుకుంటే రెండొందల ఎనిమిది హిట్లన్న మాట. కిందటేడు మూడొందలు దాటించినవాడు! ఈ మార్కులకి నేనైతే పాస్ చెయ్యను."

"ఆ లెక్కలో అతను వదిలేసిన బంతులు ఉండవు కదండీ," అన్నారెవరో.

అందరూ తిరిగి చూశారు. అరవై దాటిన మనిషి. ఇస్త్రీ చొక్కా, చేతిలో కాఫీ కప్పు. ఎవరికీ తెలిసిన మొహం కాదు.

"నాలుగు చెడ్డ బంతులు వదిలేసి ఎన్నిసార్లు మొదటి బేస్‌కి నడిచి వెళ్లాడో, అదీ చూడాలి కదా," అన్నాడాయన.

"నడవడానికి మా అమ్మమ్మ చాలు పెద్దాయనా! మాకు కొట్టేవాడు కావాలి," అన్నాడు ఎవెలియో.

పార్కంతా ఘొల్లుమంది.

ఆయన నవ్వలేదు. "మోకాలి కింద పడే బంతిని ఎవరు మాత్రం కొడతారు? అతను కదలకుండా అవుటైన బంతుల్లో సగం అసలు స్ట్రైకులే కావు. అతని కళ్లు సరిగ్గానే చూశాయి."

"అంపైర్ స్ట్రైకన్నాడుగా!"

ఆయన కాఫీ కప్పులోకి చూశాడు.

"తప్పు చెప్పాడు," అన్నాడు.

రోజూ అంపైర్‌ని ఏడు తరాలూ కలిపి తిట్టే ఎవెలియోకి ఆ పూట ఎక్కడలేని గౌరవం పుట్టుకొచ్చింది.

"ఆ పాపం అంపైర్ మీదకి నెడతారేంటండీ? ఓడినోడికల్లా ఆయనే లోకువ! ఇంతకీ తమరు ఏ స్టాండులో కూర్చుంటారు?"

ఆ పార్కులో అదొక రూలు. వాదించే ముందు సీటు చెప్పుకోవాలి. టీవీలో చూసినవాడి మాటకి సగం విలువ. రేడియోలో విన్నవాడు ఇక్కడా వింటే చాలు.

"నాకు సీటు లేదు. నిలబడే చూస్తాను."

"ఓహో! గోడ దూకే బాపతా!"

మళ్లీ నవ్వులు. నియెవెస్‌కి మాత్రం చిరాకు ముంచుకొచ్చింది.

"చూడండి, నా దగ్గర అంకె ఉంది. మీ దగ్గరేముంది?"

"దగ్గర్నుంచి చూశానమ్మా."

"అందరూ అదే అంటారు! దగ్గర్నుంచి చూశాం, మా మనసుకి తెలుసు, మా బావమరిది చెప్పాడు! ఇలా అయితే ఇంక లెక్కలెందుకు, తగలెయ్యడానికా?"

"ఇంకొన్నాళ్లు ఆడనివ్వండి," అన్నాడాయన. గొంతు తగ్గింది. "మేనేజర్‌కి ఆ ఒక్క మాట చెప్పండి, మీ మాటంటే ఆయనకి గురి. ఇకమీద అతనికి అలా జరగదు. బతిమాలుతున్నాను."

"జరగదని మాటివ్వడానికి నువ్వెవరయ్యా?"

ఆయన ఏదో చెప్పబోయాడు. అంతలో పార్కు పక్కన మేనేజర్ పాత కారు దగ్గుకుంటూ వచ్చి ఆగింది.

"ఇదిగో వచ్చాడు. ఆ ముక్కేదో ఆయనకే చెప్పు!" అన్నాడు ఎవెలియో.

ఆయన చప్పున మొహం తిప్పుకుని, అవతలి గేటు వైపు గబగబా వెళ్లిపోయాడు.

"చూశారా? పిక్కబలం చూపించాడు!"

మేనేజర్ కాఫీ తాగాడు. అందరి అరుపులూ విన్నాడు. రెండొందల ఎనిమిది దగ్గర తల ఊపాడు.

మధ్యాహ్నం బస్సుకి యూస్నియెల్ సంచి సర్దుకుని వెళ్లిపోయాడు. సాగనంపడానికి ఒక్కరూ రాలేదు. అందరూ సాయంత్రం మ్యాచ్ టికెట్ల కోసం వరసలో ఉన్నారు.

హవానా జట్టుతో ఆట. చివరి ఇన్నింగ్స్ దాకా స్కోరు సమానం. మూడు బేస్‌ల మీదా మనవాళ్లే. యూస్నియెల్ స్థానంలో కొత్త బ్యాటర్. ఇంకో స్ట్రైకైతే అవుట్, ఇంకో చెడ్డ బంతైతే గెలుపు.

పిచర్ విసిరాడు. బంతి మోకాలి కిందకి దిగింది. బ్యాటర్ కదల్లేదు.

"అయిపోయింది! వీడూ అంతే!" ఎవెలియో తల పట్టుకున్నాడు.

స్ట్రైకని చెప్పడానికి అంపైర్ చెయ్యి లేవలేదు.

"బాల్!" అని అరిచాడు. అంటే చెడ్డ బంతే.

బ్యాటర్ మొదటి బేస్‌కి నడిచాడు, మూడో బేస్ మీదున్నవాడు ముందుకు జరిగి పరుగు పూర్తిచేశాడు. గెలిచారు. స్టేడియం ఊగిపోయింది.

"ఏం కళ్లు టీచరమ్మా! అలాంటి బంతిని వదిలెయ్యాలంటే దమ్ముండాలి!" ఎవెలియో గంతులేశాడు.

నియెవెస్ చప్పట్లు కొట్టలేదు.

"ఎవెలియో, మొన్న యూస్నియెల్ అవుటైంది ఇలాంటి బంతికే."

"అయితే?"

"ఆ రోజూ ఈ అంపైరే. ఈ ఏడంతా మన మ్యాచ్‌లకి ఇతనే."

ఎవెలియో గంతులు ఆగిపోయాయి. ఏడాదంతా గొంతు పోయేలా తిట్టిన ఆ మనిషి మొహం ఎలా ఉంటుందో తనకి తెలియదని అప్పుడే తట్టింది. ఇద్దరూ జనాన్ని తోసుకుంటూ కంచె దగ్గరికి పరిగెత్తారు.

అంపైర్ ఇనప ముసుగు తీసి చెమట తుడుచుకున్నాడు. పొద్దున యూస్నియెల్ కోసం వాళ్లని బతిమాలిన పెద్దాయనే.