ఆసుపత్రి రోడ్డు ప్యాచ్‌లు

"మళ్ళీ లేచిపోయింది!"

ఇంజినీరు ముక్కుకి కర్చీఫ్ అడ్డం పెట్టుకుని గుంట చుట్టూ తిరుగుతున్నాడు. నిన్న సాయంత్రం నున్నగా ఉన్న చోట ఇప్పుడు నల్లటి మురుగు బుడగలు కడుతోంది. రోడ్డు కింద డ్రైనేజీ పైపు ఎప్పుడో పగిలింది. ఆ కుళ్ళంతా అడుగున చేరి, సందు దొరికిన చోటల్లా పైకి తన్నుకొస్తోంది.

మేస్త్రీ తల వంచుకుని నిలబడ్డాడు. రోడ్లకి ప్యాచ్‌లు వెయ్యడంలో అతని తర్వాతే ఎవరైనా. గుంట అంచులు చెక్కి, తడి ఆరబెట్టి, తారు పూసి, కంకర పోసి దిమ్మిస కొట్టాడంటే ఆ ప్యాచ్ మీద లారీ బ్రేకు వేసినా కదలదు. అలాంటిది ఈ ఆసుపత్రి రోడ్డు మీద మాత్రం, ఈ మధ్య వేసింది వేసినట్టే తెల్లారేసరికి లేచిపోతోంది.

"సోమవారం సర్వే బండి వస్తోందయ్యా బాబూ!" ఇంజినీరు గొంతు పెంచాడు. "రోడ్డు ఎలా ఉందో కొలవడానికి ఐదేళ్ళకోసారి వచ్చే బండి. నీ ప్యాచ్‌ల పుణ్యమా అని ఇన్నాళ్ళూ ఈ రోడ్డుని 'ఫర్వాలేదు'లో నెట్టుకొచ్చాం. ఇప్పుడిది 'పాడైంది' అని తేలిందనుకో, నా ప్రమోషన్ గోవిందా! నీ ఉద్యోగమూ ఉండదు. ముందే చెబుతున్నా."

"మళ్ళీ వేస్తానండి."

"వెయ్యడం కాదు, అది ఉండాలి!"

జీపు వెళ్ళిపోయింది. అడుగున ఏముందో ఇంజినీరుకీ తెలుసు. పైపు మార్చాలంటే రోడ్డంతా తవ్వాలి. దానికంటే పైన నల్లగా కనిపించేట్టు చూసుకోవడం తేలిక. మేస్త్రీకి ఒళ్ళు మండిపోయింది. నోట్లో ఊరిన చేదుని పక్కకి తిరిగి ఊసేశాడు.

మధ్యాహ్నం ఇంటికెళ్ళేసరికి భార్య కూతుర్ని ఆటోలోంచి దింపుతోంది. పిల్లకి వెన్నెముక ఆపరేషన్ అయింది. వారం వారం ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. వెళ్ళడానికి ఆ రోడ్డు తప్ప ఇంకో దారి లేదు. అడుగు కుంగిపోయిన రోడ్డు. ప్యాచ్ ఉన్నా కుదుపే, లేకున్నా కుదుపే. ప్రతి కుదుపుకీ పిల్ల కేక బయటికి రాకుండా తువ్వాలు నోట్లో కుక్కుకుంటుంది.

"ఇలాగే ఎత్తెత్తి వేస్తే లోపల బిగించినవి కదిలిపోతాయన్నారండీ డాక్టరుగారు," అంది భార్య అన్నం వడ్డిస్తూ. "తర్వాత లేచి నడవడం మాట మర్చిపోవాలట. అసలే అది పాడు రోడ్డు. దానికి తోడు ఎవడో గునపంతో తవ్వి పోస్తున్నాడని ఆటో అతను చెప్పాడు. వాడి చేతులు పడిపోనూ! వాడు తినేది అన్నమేనా?"

ఆ తవ్వేవాడంటే మేస్త్రీకీ తక్కువ అసహ్యం లేదు. ఒళ్ళు వంచి చేసిన పనిని పాడుచేసేవాడూ ఒక మనిషేనా? కంచం పక్కకి జరిపి లేచిపోయాడు.

మర్నాడు పొద్దున్నే రోడ్డు మీద గొడవ. ప్యాచ్‌లన్నీ లేచిపోయాయి. ఈసారి గునపం గుర్తులు అందరికీ కనిపించాయి. జనం పోయి పంక్చర్ షాపువాడి కాలరు పట్టుకున్నారు.

"గుంటలుంటే బేరం ఎవడికి? వీడికే!"

"ఛీ! ఇంత నీచపు బతుకేంట్రా నీది?"

"నాకేం తెలీదు బాబూ! నేను కాదు," అంటూ అతను బిక్కమొహం వేశాడు. ఎవడో అతని నీళ్ళ తొట్టెని ఒక్క తన్ను తన్నాడు.

మేస్త్రీ అడ్డం పడ్డాడు.

"వదిలెయ్యండి! వాడు కాదు. తారు సరిగ్గా కాగలేదు. తప్పు నాది."

అంతే, జనం వాణ్ణి వదిలి ఇతని మీద పడ్డారు.

"తారు కాగకపోతే గునపం గుర్తులు పడతాయా? వాడూ నువ్వూ కుమ్మక్కయ్యారన్నమాట!"

"ఇన్నాళ్ళూ పనిమంతుడివనుకున్నాం. థూ!"

ఉమ్ము వచ్చి మేస్త్రీ చెప్పు మీద పడింది. అతను దిమ్మిస తీసుకుని మళ్ళీ పనిలోకి దిగాడు.

సోమవారం సర్వే బండి ఆ రోడ్డు మీద పడుతూ లేస్తూ వెళ్ళింది. రోడ్డు 'పాడైంది' అని తేలింది. ఇంజినీరు అన్నంత పనీ చేశాడు. మేస్త్రీని పిలిచి, సామాను అక్కడే పెట్టించి, నలుగురిలో నానా మాటలూ అని పంపేశాడు. ఆ తర్వాత అతన్ని పనిలోకి పిలిచినవాడు లేడు.

కొన్నాళ్ళకి ఆసుపత్రి రోడ్డు మీదికి పెద్ద పెద్ద యంత్రాలు దిగాయి. పాడైందని తేలిన రోడ్డుకి ఇక ప్యాచ్‌లు వెయ్యకూడదట. అడుగుదాకా తవ్వి, పైపులు మార్చి, మొత్తం కొత్తగా వెయ్యాలట. ఆ శాఖలో మొదట్నుంచీ అదే పద్ధతి.

కొత్త రోడ్డు మీద మొదటిసారి ఆటో వెళ్ళిన రోజు పిల్ల తువ్వాలు అడగలేదు. పక్కనుంచి వచ్చే గాలికి దారిలోనే నిద్రపోయింది.

"అంటే, పూర్తిగా పాడైతే గాని బాగుచెయ్యరా? ఛీ, ఇదేం పద్ధతండీ!" ఆసుపత్రి మెట్ల దగ్గర దిగుతూ భార్య ఈసడించుకుంది. "ఆ తవ్వినవాడు మాత్రం మీ ఉద్యోగం తీశాడు, పరువు తీశాడు. ఎప్పుడైనా నా కంట పడాలి, వాడి మొహాన ఉమ్మేస్తాను."

మేస్త్రీ పిల్లని జాగ్రత్తగా ఎత్తుకున్నాడు.

చెడ్డ ప్యాచ్ వెయ్యడానికి చేతులు రాక, రోజూ సాయంత్రం పద్ధతిగా వేసిన ప్యాచ్‌లని తెల్లారకముందే వచ్చి ఒక్కొక్కటీ గునపంతో పెళ్ళగించింది అతనే.