మొదటి వంతు

"పొద్దున్నే ఫోన్ చేసినా కదమ్మా, నా పేరు లేదంటావేంది?" అంటూ ఒక రైతు షెడ్డు గడపలోనే కూలబడ్డాడు. ఆయన వెనకే ఇంకొకాయన, "నేను నిన్ననే చెప్పి పోయినా" అని బండి దిగకుండానే హారన్ కొడుతున్నాడు.

ఈశ్వరి చేతిలో ఫోను మోగుతూనే ఉంది. బోర్లలోంచి మోటార్లు పైకి తీసే బండి నడుపుతారు ఆమె, ఆమె భర్త తిప్పేష్. ఎండలకు కళ్యాణదుర్గం చుట్టూ రోజూ ఎవరిదో ఒకరి మోటారు కాలిపోతోంది. బండి చూస్తే ఒక్కటే. దాంతో పొలాల మీద తిరగడం తిప్పేష్ పని. షెడ్డులో కూర్చుని తిట్లు తినడం ఈశ్వరి పని.

ఇద్దరినీ ఎలాగో పంపించి, ఆ సాయంత్రమే ఆమె ఫోన్లో బుకింగ్ యాప్‌ల కోసం వెతికింది.

మొదట దొరికిన సెలూన్ల యాప్, "మీ దగ్గర స్టయిలిస్టులు ఎంతమంది?" అని అడిగింది. లేరంటే ముందుకు కదలదు. విధిలేక తిప్పేష్ పేరు రాసింది. ఆ యాప్ ఒక్కో పనికి అరగంట కేటాయించింది. లోతు బోరులోంచి పైపులు ఒక్కొక్కటే విప్పుకుంటూ మోటారు తీయడానికి ఒక్కోసారి పొద్దంతా పడుతుంది. మధ్యాహ్నానికల్లా "మీ సమయం వచ్చింది" అన్న మెసేజీ చూసుకుని రైతులందరూ ఒకేసారి ఫోన్లు మొదలుపెట్టారు.

దాన్ని తీసేసి ఇంకొకటి పెట్టింది. అది రైతు ఈమెయిలు ఇస్తేగానీ పేరు ఎక్కించుకోనంది. ఆ తర్వాతిది ఇంగ్లీషులో మెసేజీలు పంపితే, ఎవరో బ్యాంకు మోసగాళ్ళనుకుని అందరూ నంబరు బ్లాక్ చేసేశారు. చేసి, మళ్ళీ షెడ్డుకే వచ్చారు.

"ఇన్ని కంపెనీలు పెట్టినారే, బోరు మోటరంటే ఏందో మీలో ఒక్కరికన్నా తెలుసునా?" అని ఈశ్వరి ఇంకో కంపెనీ నుంచి ఫోన్ చేసిన గౌతమి అనే అమ్మాయి మీద విసుక్కుంది.

"మా దాంట్లో టైములుండవు మేడమ్, వరసే ఉంటుంది. మిస్డ్ కాల్ ఇస్తే చాలు, పేరు ఎక్కుతుంది. మెసేజీ తెలుగులోనే వెళ్తుంది."

"మధ్యలో ఎవురన్నా దూరేకి అయితాదా?"

"మీకు కావాలంటే మార్చుకోవచ్చు మేడమ్."

"నాకొద్దు. నేను గూడా మార్చేకి కాకూడదు. అయితాదని తెలిస్తే పెద్దోళ్ళంతా వచ్చి నా మీద కూర్చుంటారు."

"అయితే లాక్ పెడతాను. ఎవరి వంతు వాళ్ళే వదులుకోవాలి. ఇంకెవరూ మార్చలేరు."

ఈశ్వరికి కాస్త ఊపిరాడింది.

నెల తిరగకముందే దివాకర్ వచ్చాడు. కంబదూరు దారిలో పొలాలు, టౌన్లో ఎరువుల అంగడి, ఏ పార్టీ వాళ్ళయినా పేరు పెట్టి పిలిచే మనిషి. వస్తూనే, "బండి ఈ పొద్దే నా బోరుకాడికి పంపియ్" అన్నాడు.

"నీ ముందర ఒకాయప్ప ఉండాడన్నా. నీది రేపు."

"రేపటిదాకా ఆగితే చెట్లు దక్కవు. ఆయప్పకు రేపు పంపు."

"మార్చేకి కాదన్నా. మిషను ఒప్పుకోదు."

"మిషను ఎవురిది? నీదే కదా?"

"నాదే. అందుకే బీగమేసినా."

దివాకర్ ముఖం గంటు పెట్టుకున్నాడు. ఆమె ముందున్న ఫోను తీసుకుని, తన పేరుకు పైన ఉన్న పేరు చదివాడు. సుంకన్న. ఫోను బల్ల మీద పడేసి వెళ్ళిపోయాడు.

పెద్ద మనిషికి ఎదురు చెప్పినందుకు ఈశ్వరికి కాస్త భయమేసింది. అయినా తృప్తిగానే ఉంది. కాసేపటికే ఫోనులో మెసేజీ వచ్చింది. 'సుంకన్న తన వంతు వదులుకున్నారు. తర్వాతి పేరు దివాకర్.'

ఆమె ఒళ్ళు మండిపోయింది. ఇన్ని యాప్‌లతో తల పగలగొట్టుకున్నది ఇందుకేనా? తిప్పేష్‌కు ఫోన్ చేసి, "నేను చెప్పేదాకా బండి కదిలించద్దు" అని, స్కూటీ తీసి నేరుగా సుంకన్న తోటకు పోయింది.

సుంకన్న చీనీ చెట్ల మధ్య నిలబడి, ముడుచుకుపోయిన బత్తాయి ఆకులు తడిమి చూస్తున్నాడు.

"దివాకరన్న వచ్చినాడా మామా?"

"వచ్చినాడు పాపా. బాగా తిట్టినాడు."

"తిడితే ఇడిసిపెడతావా? నీ చెట్లు ఇట్ల వాడిపోతాంటే ఆయప్ప చెట్లకు ముందు నీళ్ళు కావాల్నా? నువ్వు ఊ అను, బండి ఈడికే తెప్పిస్తా. ఏం చేస్తాడో చూస్తా."

"నా బోరుకొచ్చి ఏం చేస్తారు పాపా? అది ఎండిపోయి శానా దినాలాయ. మోటరు ఊరికే లోపల పడుండాది, తీసి అమ్ముకుందామని మిస్డ్ కాల్ ఇచ్చినా. ఆ పని ఎప్పుడైతే ఏమి? ఆయప్ప బోరుకు పంపియ్, బిరీన పంపియ్."

"నీకెందుకు మామా ఆయప్ప చెట్ల మీద అంత ఇది?"

సుంకన్న గట్టు దాటి వస్తున్న నల్ల పైపు వైపు చెయ్యి చూపించాడు. అవతల దివాకర్ చేను బోడిగా, మొండి మొదళ్ళతో ఉంది.

"ఆయప్పకు చెట్లు యాడుండాయి పాపా, పోయినేడే కొట్టిచ్చేసినాడు. ఆ బోరు నీళ్ళు తాగేదంతా ఈ నా చెట్లే."