తిట్లకు గిరాకీ

"అమ్మీ, గిది చూడు. తక్కువ పెట్టుబడి, వెంటనే సంపాదన" అంటూ ఇరం ఫోను తెచ్చి తల్లి ముందు పెట్టింది.

గుల్షన్ బేగం చూసింది. అగరుబత్తీలకు మెషిను కావాలి. పేపరు ప్లేట్లకు ఇంకా పెద్ద మెషిను కావాలి. పుట్టగొడుగులకు విడిగా చీకటి గది కావాలి. జనగామలో వాళ్లకున్నదే ఒక్క గది. అందులో ఆమె భర్త అక్తర్ కాలికి పిండికట్టుతో పడుకుని ఉన్నాడు. మేస్త్రీ పనికి పోయి గోడ మీంచి పడ్డాడు. ఇల్లు గడిచే దారి ఇక ఆమే చూడాలి.

"పెట్టుబడి యాడికెంచి తేవాలె బిడ్డా?"

"నీ నోరుంది గద" అన్నాడు అక్తర్ మంచం మీంచి.

ఎగతాళికే అన్నాడు. కానీ మర్నాడే పక్కింటి ఫరహత్ ఏడుస్తూ వచ్చింది. పెళ్లి దగ్గర పడింది, టైలరు బట్టలివ్వడు, గట్టిగా అడగాలంటే ఆమెకు మొహమాటం. గుల్షన్ కొంగు బిగించి దుకాణం ముందు నిలబడింది.

"రేపు రేపంటవు, నీ రేపు ఏ క్యాలెండర్ల ఉన్నదో జర చూపియ్యి! పెండ్లిపిల్ల పిల్లల తల్లయినంక ఇస్తవా? అప్పుడు గా బట్టలు కత్తిరించి పిల్లకు గౌన్లు కుట్టు, గదన్న పనికొస్తది!"

బజారంతా నవ్వింది. సాయంత్రానికి బట్టలు ఇంటికే వచ్చాయి. ఫరహత్ తల్లి గుల్షన్ చేతిలో ఒక నోటు పెట్టి వెళ్లింది.

ఇరం వెంటనే వాట్సాప్‌లో స్టేటస్ పెట్టింది. "మీకు మొహమాటమా? మాకు లేదు. మీ తరఫున మేం తిడతాం." కింద షరతులు. బూతులుండవు. ఇంట్లో ఆడవాళ్లను ఎత్తి తిట్టడం ఉండదు. పని మెసేజ్‌లో చెప్పాలి, డబ్బు ముందే పంపాలి.

గిరాకీ పెరిగింది. పక్కవాళ్ల గుమ్మంలో చెత్త పోసేవాళ్లు, దారికడ్డంగా బండి పెట్టేవాళ్లు, తీసుకెళ్లిన ఇడ్లీ పాత్ర తిరిగివ్వనివాళ్లు, అందరూ గుల్షన్ నోట్లో పడ్డారు.

అందరిలోకీ మంచి గిరాకీ సులోచన. డబ్బు ఆ పేరుతోనే వచ్చేది. మెసేజూ వివరంగా ఉండేది. "జఫర్‌గఢ్ ఊరి చివర ఒంటి ఇల్లు. మా ఆయన పేరు సోమనర్సయ్య. షుగరున్నా చాయ్‌లో చక్కెర వేసుకుంటాడు. గోలీలు మింగడు. తడి తువ్వాల మంచం మీద పడేస్తాడు. ప్రతి బుధవారం వచ్చి గట్టిగా తిట్టాలి."

అలిగి తల్లిగారింటికి పోయినట్టుంది పాపం, అనుకుంది గుల్షన్. బస్సెక్కి పోయి గేటు దగ్గరే అందుకుంది.

"చాయ్‌ల గంత చక్కెరేంది అన్నా? చీమలే నయం, దాసుకోని తింటయ్! తడి తువ్వాల ఆరేసెతందుకు గది మంచమా, తీగెనా? గోలీలు గూట్లె పెట్టినవట, ఎవరు మింగాలె, బల్లులా?"

సోమనర్సయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని, అరుగు మీద కూర్చుని విన్నాడు. ఆమె ఆపగానే, అప్పుడే అయిపోయిందా అన్నట్టు తలెత్తి చూశాడు.

తర్వాతి బుధవారం ఆమె కోసమూ ఒక కుర్చీ, చెంబుతో నీళ్లు సిద్ధంగా ఉన్నాయి. తువ్వాల మాత్రం మంచం మీదే ఉంది. ఆ పై వారం మంచమే వాకిట్లోకి వచ్చింది. దాని మీద తువ్వాల నీళ్లు కారుతోంది.

గుల్షన్‌కు తల కొట్టేసినట్టయింది. జనగామ బజారంతా తన నోటికి దారికొస్తుంటే ఈ ఒక్క మనిషి మారడేంది?

"మారకపోతే మనకేంది అమ్మీ? పైసలైతే వస్తున్నయ్ గద" అంది ఇరం.

"పని కాకుండ పైసలు తింటే హరామ్ బిడ్డా."

అక్తర్ ఇంకా మంచం దిగలేదు. అయినా సరే, ఆ బుధవారం ఆమె తిట్టడానికి పోలేదు, చెప్పి రావడానికి పోయింది.

"అన్నా, ఇగ నేను రాను. నీ మీద నా నోరు పని చేస్తలేదు. నిన్ను తిట్టాలంటే సులోచనక్కే రావాలె."

సోమనర్సయ్య ముఖం పాలిపోయింది.

"గంతగనం అలిగేటట్టు ఏం జేసినవో ఏమో. జర తప్పయిందని చెప్పరాదు? ఆగు, నేనే మాట్లాడి పిలిపిస్త" అని ఆమె ఫోను తీసింది.

"వద్దు చెల్లె, చెయ్యకు" అన్నాడాయన. ఆమె ముందు నోరు విప్పడం అదే మొదటిసారి.

అప్పటికే ఆమె నంబరు నొక్కేసింది.

నిరుడు కన్నుమూసిన సులోచన ఫోను, సోమనర్సయ్య చొక్కా జేబులో మోగింది.