మెలిక దగ్గరి ఇల్లు

“దీన్ని కొట్టెయ్యండి.”

పేట సంఘం హాలు గోడకు తగిలించిన పటం మీద ముసలాయన వేలు ఒక ఇంటిని పూర్తిగా కప్పేసింది.

నోరెలా బెల్లం నీళ్ల కప్పు కింద పెట్టింది. “దేన్ని?”

“ఈ ఇంటిని, డాక్టరమ్మా. పడగొట్టేస్తే దారి తిన్నగా పోతుంది.”

నాలుగు పుస్తకాలు చదివినవాళ్లెవరైనా ఆ కొండ మీద డాక్టర్లే. నోరెలా చదువుతున్నది నగర ప్రణాళికలో పీజీ. మెదెయీన్ నగరం అంచున కొండకు అతుక్కున్న ఆ పేటకు మెట్లు తప్ప దారి లేదు. బస్సు రోడ్డు నుంచి పైదాకా చక్రాల కుర్చీ వెళ్లగలిగే ఏటవాలు బాట గీయడమే ఆమె థీసిస్. సిమెంటు నగరపాలక సంస్థది, చాకిరీ పేట జనానిది. జనం ఊఁ అంటేనే పటం ఖాయం.

“నా పటంలో ఒక్క ఇల్లూ కూలదు,” అంది గర్వంగా.

“చూశాలే. అందుకే ఇక్కడ పాములా మెలిక తిరిగింది.”

వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు.

“మన లూస్ దారీ కుర్చీ ఆ మెలికలో తిరుగుతుందా?” అన్నాడు ముసలాయన.

లూస్ దారీది కొండ కొసన ఇల్లు. కాళ్లు పడిపోయినప్పటి నుంచి ఆ పిల్ల కిందికి దిగి ఎరగదు.

“మెల్లగా తిప్పితే తిరుగుతుంది.”

“మెల్లగానే ఇరుక్కుంటుంది.”

“మరి ఆ ఇంట్లోవాళ్లు ఏమైపోవాలి?”

“వాళ్లెవరూ లేరు, ఒక్కడే. ముసలి మొండిఘటం. వాడికెందుకమ్మా అంత ఇల్లు?”

నోరెలాకు ఒళ్లు మండిపోయింది.

చిన్నప్పుడు రోడ్డు వెడల్పు చేస్తామని వచ్చి అమ్మ కట్టుకున్న ఇంటిని ఒక్క పూటలో నేలమట్టం చేశారు. చెల్లాచెదురైన గిన్నెల మధ్య కూర్చుని అమ్మ ఏడవడం ఆమెకింకా గుర్తే. ఈ చదువులోకి వచ్చిందే అందుకు.

“పక్కవాడి ఇంటిని దానం చెయ్యడం ఎంత తేలికండీ! మా అమ్మ ఇంటి మీద కూడా మీలాంటి పెద్దమనిషే ఎవడో ఇలాగే వేలు పెట్టి చూపించి ఉంటాడు. సిగ్గనిపించడం లేదూ?”

అందరూ తలలు దించుకున్నారు.

తన మాట వాళ్లకు తగిలిందనుకుంది నోరెలా.

పేట సంఘం పెద్ద, అందరూ గౌరవంగా ‘దోన్యా’ అని పిలిచే ఓటీలియా ఏదో చెప్పడానికి లేవబోయింది. ముసలాయన చెయ్యి ఊపి ఆమెను కూర్చోబెట్టాడు.

“కోప్పడనీ ఓటీలియా. ఇళ్ల కోసం కోప్పడేవాళ్లు మనకెప్పుడు దొరికారు గనక!”

టోపీ పెట్టుకుని, గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు.

“ఆ ఇంటివాడి సంగతి నాకొదిలెయ్యండి డాక్టరమ్మా. మొండివాడే గానీ, నా మాట కాదనడు.”

పటం ఖాయమైంది, మెలికతో సహా.

కానీ నోరెలాకు మనసు ఊరుకోలేదు. ఒక రోజు లూస్ దారీని కుర్చీలో కూర్చోబెట్టి, నలుగురి సాయంతో మెట్ల మీదుగా ఆ ఇంటి దాకా దింపింది. మెలిక వచ్చేచోట నేల మీద సుద్దతో గీత గీసి కుర్చీ తిప్పింది.

ముందు చక్రం గోడకు కొట్టుకుంది. వెనక చక్రం గీత దాటి గాల్లోకి పోయింది.

“ఇంకోసారి చూద్దాం,” అంది నోరెలా.

ఇంకోసారీ అంతే.

“పోనీలే అక్కా,” అంది లూస్ దారీ కింద బస్సుల వంక చూస్తూ. “ఇక్కడి నుంచి బస్సుల నంబర్లు కనిపిస్తున్నాయి. మా ఇంటి నుంచి రంగులే కనిపిస్తాయి.”

నోరెలా ఆ ఇంటి తలుపు తట్టింది. తాళం. వెళ్లినప్పుడల్లా తాళమే.

చివరికి పని మొదలుపెట్టే ఆదివారం పొద్దున్నే బయల్దేరింది. ఇంటాయన కాళ్లు పట్టుకునైనా అడగాలి, లేదంటే పటం మళ్లీ గీయాలి.

మెట్లెక్కి చూస్తే అక్కడ సగం ఇల్లే మిగిలింది; చీకటితోనే మొదలుపెట్టినట్టున్నారు.

జనం వరసగా నిలబడి ఇటుకలు చేతులు మారుస్తున్నారు. పక్కన పెద్ద కుండలో కోడి పులుసు కుతకుతలాడుతోంది. ఎవరో పాట అందుకున్నారు. కొండ పైనుంచి కింది దాకా, సుద్దతో కొట్టిన గీత బాణంలా తిన్నగా దిగింది.

పైన వాకిట్లో కూర్చున్న లూస్ దారీ రెండు చేతులూ ఊపింది. “అక్కా! నా దారి చూశావా?”

నోరెలా కళ్లు తుడుచుకుని వరసలో దూరింది. పక్కనే దోన్యా ఓటీలియా.

“ఇంటాయన ఒప్పుకున్నాడా?”

“ఒప్పుకున్నాడు.”

“ఆ ముసలాయనే ఒప్పించాడా? హాల్లో నేను తిట్టిన ఆయన?”

“ఆఁ, ఎవేలియోనే. రాత్రిళ్లు నిద్ర మానుకుని మరీ ఒప్పించాడు.”

“దోన్యా ఓటీలియా, ఆయన్ని నేను అనరాని మాటలన్నాను. క్షమాపణ చెప్పుకోవాలి. ఎక్కడున్నారు?”

“ఆలస్యం చేశావమ్మా. పొద్దుటి బస్సుకే చెల్లెలి ఊరికి వెళ్లిపోయాడు. డిసెంబరు దీపాల పండక్కి వస్తాడట. కొత్త బాట మీద మొదటిసారి లూస్ దారీ కుర్చీ తనే తోస్తాడట, వేరే ఎవరైనా ముట్టుకుంటే ఊరుకోనని చెప్పి మరీ వెళ్లాడు.”

“డిసెంబరు దాకా అంత దూరం ఎందుకు? ఇక్కడే ఉండొచ్చు కదా!”

ఓటీలియా ఇటుక మీది దుమ్మును గౌను అంచుతో తుడిచి, నోరెలా చేతుల్లో మెల్లగా పెట్టింది.

“ఎక్కడుండమంటావు తల్లీ, మనమిప్పుడు విప్పుతున్నది ఆయనిల్లే.”