మంచం కింద బూట్లు

పరుశురాం నడిచేది వీధి చివరిదాకానే. దొంగిలించేది మాత్రం షిర్డీకి నడిచి వెళ్లేవాళ్ల బూట్లు.

సూరత్ నవాగామ్‌లో లింగవ్వ నడిపే బసలో కాలినడక భక్తులకు తిండీ పడకా ఉచితం. మెడలో కాషాయ కండువా ఉంటే చాలు, వివరాలు అడగరు. కిందటేడు అతను రెండుసార్లు పని కానిచ్చాడు. దొరికిపోతే మాత్రం తెలుగువాళ్లందరికీ తెలిసిపోతుంది, ఆపైన ఏ మగ్గాల సేఠూ పనికి గడప తొక్కనివ్వడు. అందుకే ఈసారి గడ్డం పెంచి, పేరు మార్చుకుని వచ్చాడు.

లింగవ్వ అందరికీ చేసినట్టే అతని కాళ్లూ ఉప్పు వేసిన వేడినీళ్లతో కడిగింది. ఎక్కడినుంచి నడిచి వస్తున్నావని అడిగింది. అంకలేశ్వర్ నుంచి అన్నాడు.

"ఒక్క బొబ్బ గూడ లేదు బిడ్డా. అంత బాబా దయ."

పిచ్చి మాలోకం అనుకున్నాడు పరుశురాం. పైగా ఆమె చెప్పుల అర పక్కనే మంచం చూపించింది. దొంగ చేతికి తాళాలిచ్చినట్టే. ఆ మూల గోనెసంచి నిండా చవక హవాయి చెప్పులున్నాయి. వాటినెవడు ముట్టుకుంటాడని నవ్వుకున్నాడు.

శనివారం సాయంత్రం హారతికి లేస్తూ ఒకరి తర్వాత ఒకరు మంచి మంచి బూట్లు తెచ్చి అతని మంచం దగ్గర విడిచారు. లస్మయ్య అనే పెద్దాయన తన కొత్త జతను ఏకంగా మంచం కిందికే తోశాడు.

"నీ మీదనే బరోసా పెట్టుకున్న తమ్మీ."

ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. గంట మోగగానే పరుశురాం మూడు జతలు సంచిలో కుక్కాడు గానీ, ముసలాయన బూట్ల మీదికి చెయ్యి పోలేదు. దొంగకూ ఒక నీతి ఉండాలనుకున్నాడు.

గేటు దగ్గర లింగవ్వ ఎదురైంది. సంచి బరువుగా ఉందా అని అడిగింది. గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాడు. ఆమె రొట్టెల పొట్లం చేతిలో పెట్టింది.

"తొవ్వల తిను బిడ్డా. మళ్ల రా."

మలుపు దాకా నడిచి, అక్కణ్నుంచి పరుగు లంకించుకున్నాడు.

హారతి ముగిసింది. లింగవ్వ గోనెసంచి విప్పి ముగ్గురికి హవాయి చెప్పులిచ్చింది. వాళ్లు పండగలా తొడుక్కున్నారు. లస్మయ్య మాత్రం మంచం కిందికి వంగి చూసి, అక్కడే చతికిలబడ్డాడు.

"ఇదేందక్కా, చెప్పులతోని అందరి శని పట్కపోయిండు, నాది ఈయేడు గూడ నాకే ఇడిసిపెట్టిపాయె."